బెజవాడలో దేవదారు

ఏటా వినాయక చవితి వెళ్లి దసరా ఇంకా రాని రోజుల్లో మా పత్రికాఫీసుకు ఒక ఆహ్వానం వచ్చేది. బందరు కాలువ గట్టున ఉన్న వృక్షశాస్త్ర వనం వార్షిక సమావేశం జరుగుతుంది, విలేకరిని పంపవలసిందని. సరిగ్గా ఆ రోజే ఊళ్లో మంత్రిగారి పర్యటన ఉండేది, లేకపోతే బ్యారేజీ దగ్గర నీటిమట్టం పెరిగేది. పెద్ద విలేకరులు అటు వెళ్లేవారు. చెట్ల దగ్గరికి నన్ను పంపేవారు. డెబ్బయ్యో దశకం దాదాపు అంతా నేను చెట్ల విలేకరిని.

వృక్షశాస్త్ర వనం అన్న మాట ఊరు మొత్తంమీద రెండే చోట్ల ఉండేది. ఒకటి గేటు మీది బోర్డు, రెండోది సూపరింటెండెంటు గారి నోరు. మిగిలిన బెజవాడంతా దాన్ని పార్కు అనేది. రిక్షా ఎక్కి వృక్షశాస్త్ర వనానికి పోనివ్వమంటే రిక్షా అతను కాసేపు ఆలోచించి, "పార్కు పక్కనాండీ?" అని అడిగేవాడు.

సూపరింటెండెంటు గారు సన్నగా, పొడుగ్గా, చేతిలో గొడుగుతో ఉండేవారు. ఎండకీ వానకీ అదే గొడుగు. విశాఖలో వృక్షశాస్త్రం చదువుకుని వచ్చిన మనిషి. ఊళ్లోవాళ్లు ఆ తోటకు వచ్చేది మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీయడానికని ఆయనకు తెలుసు. అందుకు ఆయనకు అభ్యంతరం లేదు. కానీ పడుకున్నవాళ్లను మెల్లగా లేపి, వాళ్లు ఏ చెట్టు కింద పడుకున్నారో చెప్పి, మళ్లీ పడుకోమనేవారు.

వార్షిక సమావేశంలో ఆయన నివేదిక చదివేవారు. అందులో మూడు భాగాలు. సంరక్షణ, విద్య, ప్రజలతో సంబంధం. మొదటిది చదవడానికి చాలాసేపు పట్టేది. ఏ మొక్క తెచ్చారు, ఏది బతికింది, ఏది ఎందుకు చచ్చిపోయింది, చచ్చిపోయినదాని సుగుణాలేమిటి. రెండోది కాస్త పొట్టి. బడిపిల్లలు వచ్చారు, చూశారు, జామకాయలు కోశారు. మూడోది ఏటా ఒకే వాక్యం. "ప్రజలు ఎప్పటిలాగే వచ్చి వెళుతున్నారు." ఆ వాక్యం వినగానే టీ వస్తుందని మాకందరికీ తెలిసిపోయేది.

ఒక ఏడు ఆయన ఉత్తరాది కొండల్లో ఏదో శిక్షణకు వెళ్లి, తిరిగి వస్తూ దేవదారు మొక్క ఒకటి తెచ్చారు. మంచు పడే చోట పెరిగే చెట్టు. జానెడు కూడా లేని ఆ మొక్కను తడిగుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు రైల్లో తెచ్చారు. నాగపూరు దాటాక ఎదురు సీటాయన అది ఏ జబ్బుకు మందని అడిగాడట. "వెంటనే పనిచేయదండీ, వందేళ్లు ఆగాలి" అన్నారట ఈయన. ఎదురు సీటాయన కాళ్లు కాస్త వెనక్కి తీసుకున్నాడట.

బెజవాడ ఎండల గురించి బెజవాడ వాళ్లకు చెప్పనక్కర్లేదు. మే నెలలో కాకులు కూడా మధ్యాహ్నం పూట కూయడం మానేసే ఊళ్లో హిమాలయాల చెట్టును బతికించాలని ఆయన పూనుకున్నారు. తోటలో కాలువ వైపు కాస్త చల్లగాలి ఉంటుందని అక్కడ నాటారు. చుట్టూ వట్టివేళ్ల తడికలు కట్టించారు. గంటకోసారి తడికల మీద నీళ్లు చిలకరించాలి. తోటమాలి మరిచిపోతాడేమోనని గొడుగు వేసుకుని ఆయనే వెళ్లి చిలకరించేవారు. ఆయన క్వార్టరు తోట గేటు పక్కనే. ఒకరోజు నేను వెళ్లేసరికి వాళ్లావిడ మజ్జిగ ఇస్తూ తన గోడు చెప్పుకుంది.

"మా ఇంట్లో ఫ్యాను తిరగడం మానేసి నెలైందండీ. దానికి మాత్రం వట్టివేళ్ల తడికలు. వచ్చే జన్మలో నేనూ కొండల్లోనే పుడతాను. అప్పుడన్నా ఈయన కాస్త పట్టించుకుంటారు."

"నువ్వెక్కడ పుట్టినా బతుకుతావే. అది అలా కాదు" అన్నారాయన లోపలినుంచి. ఆయన దృష్టిలో అది మెచ్చుకోలు.

ఆశ్చర్యమేమిటంటే ఆ మొక్క ఎండాకాలం గట్టెక్కింది. తొలకరి పడ్డాక సూదుల్లాంటి కొత్త ఆకు వేసింది. ఆయన ఆఫీసుకు ఫోను చేసి మా న్యూస్ ఎడిటరుకు ఆ సంగతి చెప్పారు. ఎడిటరు నన్ను పిలిచి, "ఆకంత వార్త రాయి" అన్నాడు. నేను రాశాను. పేజీలో చోటు చాలక అది ఆకులో సగమై అచ్చయింది.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. తోట వ్యవహారాలు చూసే కమిటీకి ఆ ఏడే కొత్త అధ్యక్షుడు వచ్చాడు. ఉయ్యూరు వైపు నుంచి వచ్చి ఊళ్లో రైసుమిల్లు పెట్టుకుని స్థిరపడ్డ మనిషి. మంచివాడు, చేయి పెద్దది, మాట సూటి. ఆయనకున్న ఒకే ఒక బలహీనత, ఖాళీ జాగా కనబడితే అందులో ఏదో ఒకటి కట్టకుండా ఉండలేకపోవడం. మొదటిసారి తోట చూడటానికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"ఈ కాలువ వైపు సగంలో ఏం పెరుగుతోందండీ?" అని అడిగాడాయన.

"మొక్కలండీ" అన్నారు సూపరింటెండెంటు గారు.

"మొక్కలు ఊళ్లో లేవా ఏంటండీ? మా మిల్లు గోడమీద రావిమొక్క ఎవరూ నాటకుండానే పెరుగుతోంది. పీకినా చావట్లేదు."

"అది వేరండీ, ఇవి..."

"జనానికి పనికొచ్చేది ఉండాలండీ. మొన్న మాఘమాసంలో కల్యాణమండపం దొరక్క మా చుట్టాలు గన్నవరంలో బడి మాట్లాడుకుని పెళ్లి చేశారు. పెళ్లికొడుకు వెనకాల నల్లబల్ల మీద భిన్నాలు! ఫోటోలో కూడా పడ్డాయి. ఇక్కడ కాలువ గట్టున చల్లగా ఒక మండపం కడితే ఎంత బావుంటుంది చెప్పండి."

సూపరింటెండెంటు గారు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. నాకు తెలిసినంతలో ఆయనకు కోపం వచ్చిందనడానికి అదొక్కటే గుర్తు.

అధ్యక్షుడు మరీ మొండివాడు కాదు. వెళుతూ వెళుతూ ఒక మాట అన్నాడు. "చవితి మర్నాడు కమిటీ అందరం వస్తాం. ఈ సగంవల్ల జనానికి ఏదన్నా ఉపయోగం ఉందని చూపించండి, ఇలాగే ఉంచేద్దాం. లేకపోతే ఆ రోజే కొలతలు తీయించేస్తాను. ఏమంటారు?"

ఏమంటారు? దేవదారు ఉన్నది ఆ సగంలోనే. ఆయన ఇన్నేళ్లు పడ్డ శ్రమంతా ఆ సగంలోనే. మిగతా సగంలో ఉన్నవి బెంచీలు, ఉయ్యాల, కునుకు తీసేవాళ్లు.

ఆ చిక్కునుంచి గట్టెక్కే ఉపాయం చెప్పింది బాలికల హైస్కూలు సైన్సు టీచరమ్మ. ఆవిడ ఏటా తన క్లాసు పిల్లల్ని తోటకు తీసుకువచ్చేది. బోర్డుల మీద లాటిన్ పేర్లు చదవలేక పిల్లలు జామచెట్టు ఎక్కేవారు.

"మీరు లాటిన్లో రాస్తే పిల్లలకేం పడుతుంది సార్?" అందావిడ. "చవితి పూజలో ఇరవై ఒక్క పత్రాలున్నాయి కదండీ. ఏటా ప్రతి ఇంట్లోనూ పేర్లు చదువుతారు. ఏ పేరు ఏ ఆకుదో ఎవరికీ తెలీదు. పూజపుస్తకంలో ఉన్న వరసలో ఆ మొక్కలన్నీ ఒకచోట పెంచి, తెలుగులో బోర్డులు పెట్టండి. జనానికి ఉపయోగం ఇంతకంటే ఏం కావాలి?"

ఆవిడ అన్నది నిజం. మా ఇళ్లల్లో చవితి పూజ ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లెవరూ కాదనరు. పుస్తకం చదివే ఆయన "మాచీపత్రం" అంటాడు. పూజ చేసే ఆయన బజారునుంచి తెచ్చిన కట్టలో చేతికందిన ఆకు తీసి దేవుడి మీద వేస్తాడు. "బృహతీపత్రం" అంటే ఇంకో ఆకు. సగం అయ్యేసరికి కట్ట అయిపోతుంది. అక్కడినుంచి అన్నిటికీ గరికే. "గండకీపత్రం" దగ్గరికి వచ్చేసరికి అక్షింతలు. ఆ గండకి అంటే ఏమిటో పండితులకే ఒక మాట మీద నిలకడ లేదు.

సూపరింటెండెంటు గారికి ఈ ఉపాయం బ్రహ్మాండంగా నచ్చింది. కాలువ వైపు దేవదారు చుట్టూనే మడులు తవ్వించారు. మారేడు, జమ్మి, మద్ది లాంటి చెట్లను చిన్న మొక్కలుగానే తెచ్చి నాటించారు. ప్రతి మొక్క ముందూ పచ్చరంగు రేకుబోర్డు. పైన పూజపుస్తకంలో పేరు, కింద ఊళ్లో వాడుక పేరు. సింధువారం అంటే వావిలి. అర్కం అంటే జిల్లేడు. అపామార్గం అంటే ఉత్తరేణి. ఈ ఉత్తరేణి దగ్గర తోటమాలి కాస్త ఇబ్బంది పడ్డాడు.

"ఇన్నేళ్లూ దీన్ని కనబడితే పీకమన్నారండీ. ఇప్పుడు నీళ్లు పోయమంటన్నారు."

"అప్పుడు కలుపు. ఇప్పుడు అపామార్గం" అన్నారు సూపరింటెండెంటు గారు.

గండకి బోర్డు మాత్రం పెట్టారు కాని దాని వెనక మొక్క లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు నాటడం ఆయనకు ఇష్టం లేదు. దేవదారు బోర్డు రాయడానికి ఆయన పెయింటర్ని కూడా పిలవలేదు. తనే స్వయంగా రాశారు. మన వైపు దేవదారు పేరుతో వేసేది నరమామిడి ఆకు. అశోకచెట్టని కూడా అంటారు దాన్ని. అసలు దేవదారు బెజవాడలో ఎవరూ కళ్లచూడలేదు. "పూజపుస్తకాల్లో ఉన్న చెట్టు మొట్టమొదటిసారి ఈ ఊరొచ్చిందండీ" అన్నారు నాతో. చవితి మర్నాడు కమిటీకి ఆయన చూపించదలుచుకున్న వస్తువు అదే.

టీచరమ్మ శ్రావణమాసమంతా పిల్లల్ని తీసుకువచ్చింది. ఒక్కో పిల్లకు ఒక్కో ఆకు అప్పగించి, దాని వాసన, అంచు, ఈనెలు అన్నీ నేర్పింది. ఆ చదువు ఎంత బాగా అంటిందంటే, చవితి ముందర గవర్నరుపేటలో ఒక పిల్ల పత్రి అమ్మే అతన్ని నిలదీయడం నేనే చూశాను.

"ఇది మాచీపత్రం కాదు. వయ్యారిభామ. కలుపుమొక్క."

"ఏ భామైతే ఏంటమ్మా, దేవుడేమన్నా అడిగాడా?"

"మా పార్కులో అసలైంది ఉంది."

ఈ మాట నేను సూపరింటెండెంటు గారికి చెప్పాను. "మా పార్కు అందాండీ?" అని అడిగారు. జీవితంలో మొదటిసారి ఆయన పార్కు అన్న మాటను దిద్దకుండా వదిలేశారు.

చవితి రోజు పొద్దున్న మా ఇంట్లో పూజకు కూర్చున్నాను. నేను పుస్తకం చదువుకుంటూ పూజ చేస్తాను, మా అమ్మ పక్కన కూర్చుని ఆకులు అందిస్తుంది. ఆ రోజు ఆవిడ పత్రిబుట్ట చూస్తే పెళ్లివారి బుట్టలా ఉంది. ఆకులు కలగాపులగంగా లేవు, వరసలో పేర్చి ఉన్నాయి. నేను పేరు చదవకముందే చేతికి అందిస్తోంది. దాడిమి దాటి దేవదారు దగ్గరికి వచ్చాను. ఆవిడ చేతిలో పెట్టింది సూదుల్లాంటి ఆకుల రెమ్మ. కొండగాలి వాసన.

నేను చదవడం ఆపేశాను.

"ఇదెక్కడిదమ్మా?"

"దేవదారు. మధ్యలో ఆపకూడదు, చదువు."

"ఎక్కడిదని?"

"పార్కులోది. బోర్డులు పెట్టి మరీ ఇస్తున్నారట. మేడమీద వాళ్లమ్మాయి చెప్పింది. తెల్లారకముందే పేటంతా రిక్షాలు కట్టుకుని వెళ్లాం."

"ఇస్తున్నారా? ఎవరిచ్చారు?"

"ఇవ్వడానికి మళ్లీ ఓ మనిషి కావాలా? పేర్లు రాసి వరసగా పెట్టారుగా! కూరల మార్కెట్టులో కూడా అంత పద్ధతి ఉండదు. పోనీ నేనేమన్నా ఆశపడ్డానా? ఒక్క రెమ్మే తీసుకున్నా. కానివ్వు."

కథ పూర్తి కాకుండా లేస్తే మా అమ్మ ఊరుకోదు. శమంతకమణి దొరికేదాకా చదివి, అక్షింతలు వేసుకుని, ఉండ్రాళ్లు నోట్లో వేసుకుని సైకిలెక్కాను.

తోటలో బోర్డులన్నీ నిటారుగా, తళతళలాడుతూ ఉన్నాయి. వాటి వెనక పుల్లలున్నాయి. ఆకులు వెళ్లిపోయి పేర్లు మిగిలాయి. ఒక్కరూ మొక్కను వేళ్లతో పీకలేదు, ఒక్కరూ మడి తొక్కలేదు. ఎంతో మర్యాదగా, ఎవరికి వారు ఒక్క రెమ్మే కోసుకున్నారు. వచ్చినవాళ్లు ఎక్కువ, అంతే.

గేటు దగ్గర కాపలా అతను నేను అడక్కుండానే చెప్పుకున్నాడు. "దొంగలైతే ఆపేవాణ్ణి కాదాండీ? తలంట్లు పోసుకుని, బొట్లు పెట్టుకుని, బుట్టలు పట్టుకొచ్చారు. దేవుడి పనిమీద వచ్చినోళ్లని ఎట్టా ఆపేదండీ? మా ఇంటిది కూడా వచ్చె."

ఆ సమయంలో సూపరింటెండెంటు గారు ఎక్కడున్నారంటే, బజార్లో. మట్టిబొమ్మ కోసం, పత్రి కోసం చీకటితోనే వెళ్లారు. తోటలో ఆకు తుంచడానికి వీల్లేదని భార్యకు ముందే గట్టిగా చెప్పి ఉన్నారు కాబట్టి, ఊరంతటికీ నిండు పూజ జరిగిన ఆ రోజున, ఆ ఒక్క ఇంట్లోనే బజారు పత్రి. అందులో వయ్యారిభామ కూడా ఉంది.

నేను వెళ్లేసరికి ఆయన దేవదారు ముందు నిలబడి ఉన్నారు. తడికలు తీసి పక్కన జాగ్రత్తగా ఆనించి పెట్టారు ఎవరో. లోపల పెన్సిలంత పుల్ల. చివర కూడా గిల్లేశారు. ఆయన గొడుగు తెరవలేదు. ఎండ నెత్తిమీదే పడుతోంది.

టీచరమ్మ అప్పటికే వచ్చి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పిల్లలకి కోయొద్దని చెప్పానండీ. తల్లులకి చెప్పమని చెప్పలేదు" అందావిడ.

ఇంతలో ఆలస్యంగా వచ్చిన ఒక పెద్దావిడ బుట్ట చంకన పెట్టుకుని బోర్డులన్నీ చదువుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, గండకీపత్రం బోర్డుంది, ఆకు లేదు. అయిపోయిందాండీ?"

"లేదమ్మా" అన్నారు సూపరింటెండెంటు గారు. "అది ఇంకా రాలేదు."

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"తెలుసుకుని పెడతామమ్మా."

"పెందలాడే రావలసింది" అని తనను తానే తిట్టుకుంటూ వెళ్లిపోయిందావిడ.

మర్నాడు పొద్దున్నే కమిటీ వచ్చింది. అధ్యక్షుడి వెనకాల కొలతల టేపు పట్టుకుని ఒక మనిషి. సూపరింటెండెంటు గారు తెల్లచొక్కా వేసుకుని ఎదురువెళ్లారు. చూపించడానికి ఏమీ లేకపోయినా చూపించడానికి వచ్చినట్టే నడిచారు.

అధ్యక్షుడు బోర్డుల మధ్య నిలబడి ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూశాడు. "ఏంటండీ ఇది, బోర్డుల తోటా?"

"మొన్నటిదాకా ఆకులుండేవండీ."

"ఏమయ్యాయి?"

"ప్రజలు కోసుకున్నారండీ."

"చూశారా మరి! అదే నేననేది. జనానికి మొక్క విలువ తెలీదండీ. అదే మండపం అనుకోండి, ఎవరు కోసుకుపోతారు?" అని టేపు మనిషికి సైగ చేశాడు. "ఆ గట్టు దగ్గర పట్టుకోవయ్యా."

తోట వెనక కాలువకు మెట్లరేవు ఉంది. దానికి దారి ఈ మడుల పక్కనుంచే. చవితి మర్నాడు బొమ్మను కదిలించి నీళ్లలో వదిలేవాళ్లు అప్పటికే ఒక్కొక్కరే వస్తున్నారు. చేతుల్లో బొమ్మలు, బుట్టల్లో నిన్నటి పత్రి. ఆ వరసలో గేటు దగ్గర ఒక రిక్షా ఆగింది. అందులోంచి దిగింది అధ్యక్షుడి తల్లి. ఒళ్లో వినాయకుడు, పక్కన బుట్ట.

"ఒరేయ్, నువ్విక్కడున్నావా? మంచిదే. ఇది పట్టుకో" అని బొమ్మను కొడుకు చేతుల్లో పెట్టింది. "ఆ టేపేంటి?"

"మండపం కడదామనుకుంటున్నామమ్మా."

"ఎక్కడ?"

"ఇక్కడే."

"మరి వచ్చే ఏడు పత్రికి ఎక్కడికి పోవాలి?"

అధ్యక్షుడికి వెంటనే అర్థం కాలేదు. "బజార్లో దొరకదూ?"

"బజారు పత్రి! ఇన్నేళ్లూ దాంతోనేగా చేశావు. నిన్న పంతులుగారు ఏమన్నారు? ఈ ఇంట్లో ఇన్నాళ్లకి లోటు లేని పూజ జరిగిందన్నారా లేదా? నువ్వేగా భోజనాల దగ్గర వచ్చినవాళ్లందరికీ చెప్పావు."

"ఆ పత్రి... ఇక్కడిదా?"

"మరి నీ మిల్లులో కాసిందనుకున్నావా?"

వెనక నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. మండపం మాట ఒకరినుంచి ఒకరికి పాకి రేవుదాకా వెళ్లింది. "పత్రిమడులు తీసేస్తారంట", "ఎవరంట?", "అదుగో, బొమ్మ పట్టుకున్నాయన." మెట్లమీద ఉన్నవాళ్లు కూడా వెనక్కి వచ్చి చూడటం మొదలుపెట్టారు. అధ్యక్షుడికి రెండు చేతుల్లోనూ వినాయకుడు ఉన్నాడు. చెమట తుడుచుకోవడానికి కూడా వీల్లేదు. అలాగే కాస్త వంగి, ఎదురుగా ఉన్న బోర్డు చదివాడు. దేవదారు. పుల్లను చూశాడు.

"సన్నగా, సూదుల్లా ఉంటుంది. అదేనాండీ?" అని నెమ్మదిగా అడిగాడు.

"అదేనండీ" అన్నారు సూపరింటెండెంటు గారు.

"ఎక్కడినుంచి తెచ్చారండీ?"

"హిమాలయాల నుంచండీ. ఒళ్లో పెట్టుకుని."

అధ్యక్షుడు చేతుల్లోని బొమ్మను కాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు. తరవాత టేపు మనిషి వైపు తిరిగి, "చుట్టెయ్యవయ్యా" అన్నాడు. కమిటీ వాళ్లతో, "ఉపయోగం చూపించమన్నాం. చూపించారు. ఇంకేముంది?" అన్నాడు. బొమ్మను మోసుకుంటూ రేవువైపు నడిచాడు.

తోట నిలిచింది. నేను అభినందించబోయాను. సూపరింటెండెంటు గారు అక్కడ లేరు. రేవు మెట్లమీద ఉన్నారు. పంచె తడుస్తున్నా చూసుకోకుండా నీళ్లలోకి దిగి, వదిలేస్తున్న బుట్టలన్నిట్లోకీ తొంగిచూస్తున్నారు. నీళ్లమీద మారేడు, జిల్లేడు, గన్నేరు, వాటి మధ్య అక్కడక్కడ సూదుల రెమ్మలు. బెజవాడకు అంత కష్టపడి వచ్చిన దేవదారు హాయిగా తేలుతూ బందరు వెళ్లిపోతోంది.

"అమ్మా, ఆ రెమ్మ ఒకసారి ఇస్తారా?" అని ఆయన ఒకావిడను అడిగారు.

"అయ్యో, దేవుడికి పెట్టింది వెనక్కి అడక్కూడదండీ" అని ఆవిడ గబుక్కున నీళ్లలో వేసేసింది.

అధ్యక్షుడి తల్లి ఇదంతా చూస్తూ ఉంది. తన బుట్టలో వెతికి, వాడిపోయిన రెమ్మ ఒకటి పైకి తీసింది.

"నిర్మాల్యం కాళ్లకింద పడకూడదన్నారు గాని మొక్క మొదట్లో వేయొద్దనలేదు. తీసుకో నాయనా. అయినా ఎండిన రెమ్మ ఏం చేసుకుంటావు?"

"పెంచుతానండీ" అన్నారాయన.

తడి ఇసుకలో నాటి, మళ్లీ తడికలు కట్టారు. కొండల చెట్టు కొమ్మ నాటితే రాదని ఆయన చదువుకున్న పుస్తకాల్లోనే ఉంది. అయినా వార్షిక సమావేశం నాటిదాకా నీళ్లు చిలకరించారు. అది రాలేదు. పక్కన పెన్సిలు పుల్ల కూడా చిగురించలేదు. జిల్లేడు, ఉత్తరేణి మాత్రం మూడోనాటికే ఏమీ ఎరగనట్టు ఆకులేశాయి.

ఆ ఏటి సమావేశానికి జనం బాగా వచ్చారు. సూపరింటెండెంటు గారు నివేదిక చదివారు. సంరక్షణ. "తోటలోని పత్రి మొక్కల్లో దేవదారు తప్ప అన్నీ కోలుకున్నవి." విద్య. "ప్రజలు పత్రి మొక్కలను ఏ సహాయమూ లేకుండా గుర్తుపట్టగలుగుతున్నారు." తరవాత ఆయన ఆగి, కళ్లజోడు సర్దుకున్నారు. టీ తెచ్చే అతను అలవాటు ప్రకారం లేచాడు. "ప్రజలతో సంబంధం. ఈ సంవత్సరం చాలా పెరిగినది. కొంచెం తగ్గినా ఫరవాలేదు." అధ్యక్షుడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

మరుసటి ఏడు చవితి ముందురోజు సాయంత్రం గేటు దగ్గర బల్ల వేసి, తోటవాళ్లే పత్రి కట్టలు కట్టి ఊరికే ఇచ్చారు. అధ్యక్షుడే ఆ ఏర్పాటు చేశాడు, మడులు ఇంకా పెంచమని కూడా చెప్పాడు. ఆకులు కత్తిరించింది తోటమాలి కాబట్టి మొక్కలు మొక్కల్లాగే ఉన్నాయి. టీచరమ్మ పిల్లలు వరసలో నిలబడి పేర్లు చెబుతూ అందిస్తున్నారు. దేవదారు దగ్గర మాత్రం ఏటా అందరూ వేసే నరమామిడి ఆకే పెట్టారు. సూపరింటెండెంటు గారు ఆ కట్టల వైపు చూడకుండా గొడుగు పట్టుకుని ఒక పక్కగా నిలబడ్డారు. ఆయనకు అది తప్పుడు బోర్డు పెట్టినంత పని.

అధ్యక్షుడి తల్లి కట్ట అందుకుంది. అక్కడే విప్పి ఆకు తరవాత ఆకు చూసింది. ఒకచోట ఆగింది.

"ఇదేంటి నాయనా?"

"దేవదారండీ" అంది ఆ పక్కనున్న పిల్ల.

"నిరుడు సన్నగా సూదుల్లా ఉంది. వాసన కూడా వేరు. పూజగదిలో మర్నాటిదాకా ఉంది ఆ వాసన. ఇది వెడల్పుగా ఉందే? ఇది దేవదారు కాదు" అని ఆవిడ ఆకును సూపరింటెండెంటు గారి మొహం ముందు ఆడించింది. "ఏం నాయనా, తెలియనివాళ్లమనా?"

వెనక వరసలోంచి ఇంకొకావిడ కూడా అందుకుంది. "నిజమేనండీ, నిరుటిది ఇది కాదు."

"అవునట, మార్చేశారు" అంది మూడో ఆవిడ.

ఇన్నేళ్లలో సూపరింటెండెంటు గారు అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు. ముగ్గురు ఆడవాళ్లు ఆయన్ని మోసగాడన్నట్టు నిలదీస్తున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"కాదండీ, ఇది దేవదారు కాదు" అన్నారు. "మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం."

"మరి అసలుది ఎప్పుడొస్తుంది?"

ఆయన క్వార్టరు వైపు చూశారు. గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న వాళ్లావిడ నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది.

"మళ్లీ బయల్దేరతారు" అంది నాతో. "వట్టివేళ్లకి చెప్పి ఉంచాలి."